మరిగే ముందు నీళ్ల గోల

ఆదివారం పత్రికలో 'సందేహాల తాతయ్య' పేరుతో పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాసేది తలలో ఇంకా ఒక్క తెల్లవెంట్రుకైనా రాని ఒక ఇంటి కోడలు. ఈ సంగతి ఇద్దరికే తెలుసు: సంపాదకుడికీ, ఆమె భర్తకీ. పేరు బయటపడితే శీర్షికకు నీళ్లొదులుకోవాల్సిందేనని సంపాదకుడు మొదట్లోనే చెప్పాడు. పత్రికాఫీసులో దాచడం తేలికే. చిక్కంతా ఇంట్లోనే.

అత్తగారికి తాతయ్యంటే వల్లమాలిన అభిమానం. పేపరు రాగానే మొదటి పేజీ మొహమైనా చూడకుండా తిన్నగా ఆయన దగ్గరికే వెళ్లేది. ఆయనకు తెల్లగడ్డం ఉంటుందనీ, వేళకు తిండి తినడనీ ఆవిడే తేల్చేసింది. పాపం ఆ మనిషికి నా అన్నవాళ్లు లేనట్టుందని కోడలి ముందే నిట్టూర్చేది. కోడలు తలెత్తకుండా కూరగాయలు తరిగేది.

ఒక వారం ఎవరో పాఠకుడు అడిగాడు: పొయ్యి మీద నీళ్లు మరగబోయే ముందు అంత గోల చేసి, తీరా మరిగేసరికి ఎందుకు నెమ్మదిస్తాయి? కోడలు పుస్తకాలు తిరగేసింది. విషయం అర్థమైంది గానీ, రాయబోతే బడిలో పాఠం చెప్పినట్టుంది. కళ్లారా చూద్దామని గాజుగిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. అత్తగారు వచ్చి, ఏమిటలా గుడ్లప్పగించి చూస్తున్నావని ఆరా తీసింది. ఊరికేనంది కోడలు. అయితే నేనూ ఊరికే చూస్తానంటూ ఆవిడ కళ్లజోడు తెచ్చుకుని పక్కన నిలబడింది.

గిన్నె అడుగున బుడగలు పుట్టాయి. పైకి లేవబోయి మధ్యలోనే మాయమయ్యాయి. గోల మొదలైంది. అడుగున నీళ్లు వేడిగా, పైన ఇంకా చల్లగా ఉంటాయనీ, ఆవిరి బుడగ ఆ చల్లదనం తగలగానే చటుక్కున నలిగిపోతుందనీ, ఆ చప్పుడే ఇదనీ కోడలు చెప్పింది.

అత్తగారు వంగి చూసింది. "అంటే పుట్టింట్లో వెచ్చగా పెరిగి, గడప దాటగానే చలికి బిగుసుకుపోతున్నాయన్నమాట. అందుకే ఆ ఏడుపు."

కాసేపటికి నీళ్లన్నీ కాగాయి. బుడగలు తాపీగా పైదాకా వచ్చి పగిలాయి. గోల తగ్గింది.

"ఇల్లంతా వెచ్చబడ్డాక ఇంక ఏడుపెందుకు?" అని ఆవిడ పొయ్యి కట్టేసి వెళ్లిపోయింది.

అంతకన్నా మంచి మాట కోడలికి దొరకలేదు. జవాబులో ఉన్నదున్నట్టు దించేసింది.

ఆదివారం అత్తగారు చదువుతూ చదువుతూ ఆగింది. మళ్లీ మొదటినుంచి చదివింది. తలుపు పక్కన నిలబడ్డ కోడలి వైపు తిరిగింది.

"తాతయ్య మన వంటింట్లోకి ఎప్పుడొచ్చాడే?"

కోడలు నిజం చెప్పేసి, ఎవరితోనూ అనొద్దని బతిమాలింది. గడ్డంతో సహా ఒక మనిషి మాయమైపోయాడన్న దిగులు అత్తగారి మొహంలో కనిపించింది. కానీ పొరుగావిడ వచ్చి, ఈసారి తాతయ్య భలే రాశాడంటే మాత్రం, తెలిసినవాళ్లెవరో చెప్పి ఉంటార్లే అంది తొణకకుండా.

పొరుగావిడ వెళ్లాక తలుపు దగ్గరగా వేసి కోడలి పక్కన చేరింది. ఎన్నాళ్లనుంచో ఒకటి అడగాలని ఉందనీ, పెద్దమనిషి ఏమనుకుంటాడోనని ఊరుకున్నాననీ చెప్పింది.

"ఎవరైనా కితకితలు పెడితే మెలికలు తిరిగిపోతాం కదా. మనకి మనం పెట్టుకుంటే నవ్వెందుకు రాదే?"

"తెలీదత్తయ్యా. ముందు నిజంగా రాదేమో చూద్దాం."

కొడుకు స్నానం చేసి వచ్చేసరికి తల్లీ పెళ్లామూ సోఫాలో పక్కపక్కన కూర్చుని, ఎవరి అరికాలు వాళ్లు మహా గంభీరంగా గీరుకుంటున్నారు.