గేజీ కింద చెలమ

పరవాడకు దిగువన, ఏరు సముద్రంలో కలిసే మొగకు రెండు మైళ్ళ ఎగువన, ఏటి మధ్య ఒక సిమెంటు స్తంభం ఉంది. దానికి నీటిమట్టం కొలిచే అంకెల పలక, గేజీ. తొంభై రెండు నుంచి రోజూ పొద్దున్న ఎనిమిదింటికి వీరన్న ఆ పలక చూసి, నీరు తగిలిన గీతను పుస్తకంలో రాస్తున్నాడు. "తగిలిన చోటు రాయి. గడి ఖాళీగా వదలకు" అని మొదటిరోజు ఆఫీసువాళ్ళు చెప్పారు. పదకొండేళ్ళలో ఒక్క గడి వదల్లేదు. జ్వరంతో కూడా వెళ్ళాడు.

ఆ ఏడు మే నెలలో సూర్యకళ అనే ఇంజినీరమ్మ వచ్చింది. పైన ఆనకట్ట దగ్గర పట్నానికీ ఫ్యాక్టరీలకూ నీళ్ళు పోగా, ఏట్లో చేప బతకడానికి ఎంత వదలాలో తేల్చడం ఆమె పని. ఆ మాట విని వీరన్నకు ప్రాణం లేచొచ్చింది. మొగ ఇసకతో పూడి మూడేళ్ళయింది. కొయ్యింగ చేపలు సముద్రం నుంచి ఏరెక్కడం మానేశాయి. చేపలమ్మే అతని భార్య పోతమ్మ గంపలో ఇప్పుడున్నది జాలరిపేట నుంచి తెచ్చిన ఐసు చేప.

"ఎంత వదుల్తారమ్మా?"

"ఇప్పుడు వస్తున్నది చాలు వీరన్నా. నీ పుస్తకాలే చెప్పాయి. ఏ ఎండాకాలమూ నీరు మూడో గీత కిందికి తగ్గలేదు. ఆ నీటితో చేప బతుకుతుందని రాశాం. మిగిలింది పట్నానికి."

వీరన్న ఏటివైపు చూశాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఇసకే. స్తంభం మొదలు దగ్గర మాత్రం గుండ్రంగా నీళ్ళు. ఏటా ఏరు ఎండగానే అమ్మవారి పండక్కి ఘటం నింపడానికి ఆడవాళ్ళు అక్కడే చెలమ తవ్వుతారు. ఇంకెక్కడ తవ్వినా ఉప్పు నీళ్ళే. ఘటం వెళ్ళాక, వానలు పడేదాకా ఊరు తాగేది ఆ చెలమే.

"అది పారే నీరు కాదమ్మా. సెలమలో ఊట. నాను దాన్నే సూసి రాసినాను."

ఆమె చెలమ దాకా వెళ్ళి చూసొచ్చింది. "ఎవరికీ చెప్పలేదా?"

"ఎవులడిగినారు?"

"ఇప్పుడు చెబితే పుస్తకాలన్నీ తప్పంటారు. లెక్క లేని ఏటికి చుక్క కూడా ఇవ్వరు. ఇక మీదట సున్నా రాయి. మూడేళ్ళు రాస్తే ఏటికి నీళ్ళు మళ్ళీ అడుగుతాను. కానీ తనిఖీలో పలక తడిగా కనిపిస్తే నీ సున్నా కొట్టేస్తారు. ఆ చెలమ పూడ్చాలి."

మర్నాడు వీరన్న పార తీసుకెళ్ళి చెలమ పూడ్చాడు. సున్నా రాశాడు. బిందెతో వచ్చిన పోతమ్మ అక్కడే నిలబడిపోయింది.

"ఏటి సేసినావు బావా?"

"పూడ్సినాను. మూడేళ్ళు సున్నా రాత్తే ఏటికి నీరొత్తాది. కొయ్యింగలొత్తాయి."

"మూడేళ్ళూ నీ సున్నా తాగమంటావేటి?"



ఆ తరవాతి పొద్దున్న వెళ్ళేసరికి చెలమ మళ్ళీ తవ్వి ఉంది, మునుపటికన్నా లోతుగా. ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. పార చేతిలో పట్టుకునే ఉన్నాడతను. పోతమ్మ ముంత నింపి అందించింది. తియ్యటి నీళ్ళు. మొత్తం తాగేశాడు.

పార ఇసకలో గుచ్చి, చెలమలో నీరు ఊరి తేరుకునేదాకా కూర్చున్నాడు. ఎనిమిదింటికి పలక చూసి, గడిలో మూడు వేశాడు.