బైండింగ్‌కు పోయిన నవల

మమతారాణికి ఒక దుర్గుణం ఉంది. ఊళ్లో ఏ పుస్తకమైనా తనకంటే ముందు ఇంకొకరు చదివితే ఆమె కడుపు రగిలిపోతుంది. లైబ్రేరియన్ ఉద్యోగం ఆమెకు అందుకే అంత బాగా కుదిరింది. కొత్త పుస్తకాల కట్ట రాగానే ఇంటికి మోసుకుపోయేది. అన్నం కలుపుకుంటూ కూడా చదివి, అప్పుడు తీరిగ్గా బీరువాలో పెట్టేది. ఈలోగా ఎవరైనా అడిగితే, బైండింగ్‌కు పోయిందనేది. కరీంనగర్‌కు బైండింగ్‌కు పంపిన పుస్తకం ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియదు కాబట్టి ఎవరూ రెట్టించేవారు కాదు.

మరమగ్గాల షెడ్డులో పనిచేసే అంతయ్య షిఫ్టు దిగి వచ్చి, "ఏం సదవాలె బిడ్డా?" అని అడిగేవాడు. ఆమె ఇచ్చిందే చదివేవాడు. అలా అడిగించుకోవడం ఆమెకు మహా ఇష్టం.

అలాంటి అంతయ్య ఒకరోజు చొక్కా జేబులోంచి మడత కాగితాలు తీసి, "గీ పిల్ల గిండ్ల మంచిగుందని రాసిన బుక్కున్నదా?" అన్నాడు. ఆ పిల్ల నవ్యశ్రీ, ఆ షెడ్డులోనే నూలు కండెలు చుట్టే అమ్మాయి. చదివిన పుస్తకాల గురించి చేత్తో రాసి, బొమ్మలు గీసి, జిరాక్స్ తీసి, పిన్నులు కొట్టి పంచుతోంది. అలాంటి సొంత చిన్న పత్రికను ఇంగ్లీషులో 'జీన్' అంటారట. పేరు 'పోగు'.

మమతారాణికి ఒళ్లు మండింది. నవ్యశ్రీ లైబ్రరీకి ఇచ్చిన కాపీని అందరి ముందూ పాత పేపర్ల మీద పడేసింది. అందరూ వెళ్లాక వంకలు వెతకడానికి తీసి చదివింది. వంకలు దొరికాయి కానీ, చివరిదాకా ఆపలేకపోయింది. దాంతో కోపం ఇంకా పెరిగింది.

ఆ వారమే నవ్యశ్రీ వచ్చి, 'పెద్దవాగు అవతలి ఇల్లు' అనే కొత్త నవల అడిగింది. అది మమతారాణి చేతిసంచిలోనే ఉంది.

"బైండింగ్‌కు పోయింది."

"కొత్త బుక్కే గద మేడం! అప్పుడే బైండింగా?"

"కొత్తయే ముందుగాల ఊడుతయి. ఇప్పటి జిగురు అసొంటిది."

తర్వాతి 'పోగు'లో నవ్యశ్రీ ఇలా రాసింది: "బుక్కు వచ్చేదాక ఆగలేక, పేరును పట్టుకొని కథ నేనే రాసుకుంటున్న." వాగు అవతల ఎవరూ ఉండని ఇల్లు. అయినా పొద్దుగూకితే అందులో దీపం వెలుగుతుంది. వరదొచ్చి దారి మునిగిన రోజు కూడా వెలిగింది. ఎవరు పెడుతున్నారు? కథ అక్కడ ఆగిపోయింది.

అసలు నవలలో అన్నదమ్ములు పొలం గెట్టు కోసం కోర్టుల చుట్టూ తిరుగుతారు, అంతే. మమతారాణి దాన్ని ఆవలిస్తూ ముగించింది. ఇన్నేళ్లు ఇన్ని చదివి తను ఒక్క కథ రాయలేదు. చదవని పుస్తకంలోంచి ఈ పిల్ల కథ తీసింది. ఈర్ష్యతో ఆమెకు ఏడుపొచ్చింది.

నవల ఇచ్చేస్తే సరి, ఆ పిల్ల కథకు అక్కడితో తెర పడుతుంది. దాన్ని సొరుగులో సిద్ధంగా పెట్టుకుంది.

నవ్యశ్రీ రానే వచ్చింది. "వచ్చిందా మేడం? వస్తే నా కథ చింపేస్త. అసలుది ఉండంగ నాదెందుకు?"

మమతారాణి చెయ్యి సొరుగు మీదే ఉండిపోయింది. ఇస్తే ఈ పిల్ల రాయడం మానేస్తుంది. దీపం ఎవరు పెడుతున్నారో తనకు ఇక ఎప్పటికీ తెలియదు.

"రాలే," అంది. "ఇప్పట్ల రాదు కూడ. మిగతాది రాసినవా?"

"రాసిన మేడం. నిన్న అంతయ్య కాకకిచ్చిన. సదివి ఏడ్సిండట."

"నాకెందుకియ్యలే ముందుగాల?"

నవ్యశ్రీ ఆశ్చర్యంగా చూసింది. "మీరు పాతపేపర్ల పడేస్తిరి గద మేడం. సదువరేమో అనుకున్న."

"యాడుంది అది?"

"కాక ఇంట్లనే. రాసిన కాయితం అదొక్కటే. జిరాక్స్ ఇంక తీయలే."

"ఇల్లెక్కడ?" అంటూనే మమతారాణి బల్ల కింద కాలితో చెప్పులు వెతుక్కుంది.