మూడో పళ్ళెం

"వాడి గుండె ఇప్పుడు నీ గరిటె కింద ఉందమ్మాయ్. జాగ్రత్త!" అంది మెలే, కొడుకు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున.

ఇంకో గొర్రె డొక్కముక్క వెయ్యమని రోజూ కొసరి కొసరి పెట్టించింది తనేనని అత్తగారికి గుర్తులేదు. కోడలు ఫువతినో గుర్తు చెయ్యలేదు. గోడల్లేని ఇల్లది. అలాంటి ఇంట్లో కోడలు అన్న మాట సమోవా దీవి అంతా వినపడుతుంది, అత్త అన్న మాట పక్కింటికి కూడా చేరదు.

మొగుడు సెమీసి ఇంటి పెద్ద, ఊరి సభలో కూర్చునే మనిషి. ఛాతీనొప్పితో పడిపోయింది అతనే అయినా, డాక్టరు చెప్పిందంతా ఫువతినో వైపు తిరిగే చెప్పాడు. డొక్కమాంసం వద్దు, డబ్బాల్లో వచ్చే గొడ్డుమాంసం వద్దు, చిక్కటి కొబ్బరిపాలు వద్దు. ఉప్పు తగ్గించు, చేప పెట్టు, ఆకుకూర పెట్టు. రోగం ఒకరిది, పథ్యం ఇంకొకరి పని. ఆ మర్నాటి నుంచి ఆమె చీకటితోనే ఒడ్డుకి వెళ్ళి, పడవలు రాగానే హోటలు వాళ్ళకంటే ముందు చేప బేరం చేసేది. చేమాకులు పల్చటి కొబ్బరిపాలల్లో ఉడికించి, ఉప్పు లేని లోటు తెలియకుండా నిమ్మకాయ పిండేది. సెమీసి మొదట్లో మొహం చిట్లించాడు, తర్వాత అలవాటుపడ్డాడు. పొట్ట తగ్గింది, నడక తేలికైంది. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో "సెమీసిని చూడండి, నోరు ఎలా కట్టుకున్నాడో!" అన్నారు. చర్చిలో తలలన్నీ అతనివైపు తిరిగాయి. ఫువతినో తన చేతులకేసి చూసుకుంది. తెల్లటి ఆదివారపు బట్టల మీద, గోటి కింద ఇరుక్కున్న చేపపొలుసు ఒకటి మెరుస్తోంది.

ఎవరు ముందు తినాలో ఆ ఇంట్లో ఎవరూ చెప్పరు. చెప్పక్కర్లేదు. మొగుడూ అత్తగారూ కొబ్బరాకు పళ్ళేల ముందు కూర్చుంటారు. మొగుడి ఊరికి వచ్చిన ఆడది పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, విసనకర్రతో ఈగలు తోలుతుంది. వాళ్ళు లేచాక మిగిలింది ఆమెది. ఇదివరకు మిగిలేది కూడా బాగానే ఉండేది. చేప వచ్చాక ముళ్ళు మిగిలేవి. మాంసం మాత్రం రావడం మానలేదు. పెళ్ళయినా చావయినా ఇంటి పెద్ద హోదా చూసి వాటా పంపుతారు, డబ్బాలు, డొక్కలు, టర్కీ కోడి తోకలు. వద్దంటే ఇచ్చినవాళ్ళకి అవమానం. కుక్కలకి వేస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. సెమీసి తినకూడదు. అత్తగారు కొడుకు మీద ప్రేమతో మానేసింది, ఆమెకీ చేపే. అందుకని వంటపాకలో నిలబడి, అతనికి వద్దన్నవన్నీ ఫువతినో తిన్నది. పారెయ్యడం పాపం కదా అనుకునేది. మెడనరాలు లాగేవి, మధ్యాహ్నానికి కళ్ళ ముందు చుక్కలు తేలేవి. "వొళ్ళు వంగట్లేదు దీనికి" అనేది అత్తగారు. నిజమే కాబోలు, బద్ధకం పెరిగింది అనుకునేది తనూ.

సెమీసిని మళ్ళీ చూపించడానికి వెళ్ళిన రోజున, నర్సు లూసియా అతని చేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి కొట్టి, మెచ్చుకుంది.

"కుర్రాడి గుండెలా ఉంది పెద్దాయనా!"

అతను మీసం కింద నవ్వుకున్నాడు. ఆమె పట్టీ విప్పుతూ, తలుపు దగ్గర నిలబడ్డ ఫువతినోని చూసింది.

"నువ్వూ కూర్చో అక్కా. ఎలాగూ వచ్చావుగా."

"నాకెందుకమ్మా!"

"కూర్చోమంటున్నా."

పట్టీ చుట్టి ఒకసారి చూసింది. మళ్ళీ గాలి కొట్టి రెండోసారి చూసింది. "నువ్వేం తింటున్నావక్కా?"

"మా ఇంట్లో అందరం చేపే" అన్నాడు సెమీసి ధీమాగా.

"మిమ్మల్నడగలేదు పెద్దాయనా. అక్కా, రాత్రి ఏం తిన్నావు?"

పెళ్ళై ఈ ఊరు వచ్చాక ఫువతినోని ఏం వండావని అడిగినవాళ్ళే గాని, ఏం తిన్నావని అడిగినవాళ్ళు లేరు. "ఆయన చేప తిన్నాడు. అత్తయ్య చేప తింది. నేను..." ఆగింది. "డబ్బా."

బీపీ చాలా ఎక్కువగా ఉందని లూసియా మాత్రలు రాసింది. వీటితోపాటు తిండి కూడా మారకపోతే ఈసారి మంచం మీద నువ్వే పడతావు అంది. భయం వెయ్యాల్సింది. కాని ఫువతినోకి, తడిబట్టల బుట్ట ఎవరో నెత్తిమీంచి దించినట్టయింది. బద్ధకం కాదన్నమాట. జబ్బే!

తిరుగు బస్సులో సెమీసి కిటికీ పక్కన కూర్చున్నాడు. "ఎప్పట్నుంచి?" అన్నాడు బయటికి చూస్తూ.

"నీకు బాగవుతున్నప్పట్నుంచి."

అతను మోకాలి మీది టోపీని తిప్పుతూ కూర్చున్నాడు. "అమ్మతో నేను మాట్లాడతాలే ఫువా."

"వద్దు" అంది ఆమె. అతను మాట్లాడితే అది అతని దయ అవుతుంది. ఆ దయ కూడా తనే వడ్డించుకుని తినాలి. "నేను చూసుకుంటా."

ఆదివారం చర్చి నుంచి వచ్చాక చేప దించి, మూడు వాటాలు వేసింది. మూడు పళ్ళేలు పట్టుకొచ్చి చాప మీద పెట్టింది. విసనకర్ర పక్కన పెట్టి, మూడో పళ్ళెం ముందు కాళ్ళు మడుచుకు కూర్చుంది.

మెలే మూడో పళ్ళెం వంక చూసింది. "ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదత్తయ్యా. నాదే."

సెమీసి తల ఎత్తలేదు. కాని తన పళ్ళెం జరిపి ఆమెకి చోటిచ్చాడు.

"మరి ఈగలు ఎవరు తోల్తారే?" అంది అత్తగారు.

"గాలి తోలుతుంది. లేకపోతే ఎవరి ఈగలు వాళ్ళం తోలుకుందాం."

రోడ్డు మీద ఎవరో నడుచుకుంటూ పోతూ ఇటు చూశారు. చూడనీ అనుకుంది ఫువతినో. వేడి చేప తుంచి నోట్లో పెట్టుకుంది. తన చేతివంట వేడివేడిగా ఇలా ఉంటుందని ఆమెకి తెలీదు. నిమ్మకాయ ఇంకాస్త పడాల్సింది.

"మా అత్త ముందు నేనిలా కూర్చుని ఉంటేనా..." అంది మెలే.

"కూర్చుని ఉంటే ఏమయ్యేదత్తయ్యా?"

ముసలామె ఒక ముల్లు ఏరి పళ్ళెం అంచున పెట్టింది. "ఏమో. ఈ మోకాళ్ళు ఇంత నొప్పి పెట్టేవి కావేమో."

ఒక ఈగ వచ్చి, మూడు పళ్ళేల మీదా తిరిగి, ఫువతినో చేపముక్క మీద వాలబోయింది. మెలే విసనకర్ర అందుకుంది.

"ఉప్పు లేదు, పాడూ లేదు" అని గొణుగుతూ, కోడలి పళ్ళెం మీది ఈగని తోలింది.