స్వస్థత సాక్ష్యం

ఆదివారం సాక్ష్యాల వేళ వచ్చిందంటే, తల్లాడ దగ్గరి ఆ చిన్న చర్చిలో అందరి కళ్లూ డేవిడ్ మీదికే పోయేవి.

చిన్నప్పటి నుంచి అతనికి మూర్ఛలు. ఇంటికి మొదటి డిగ్రీ అతనే తెచ్చినా, పరీక్ష హాల్లో పడిపోయిన సంగతే జనానికి గుర్తు. దయ్యమన్నారు, అంటుకుంటుందన్నారు. వాళ్లు గుసగుసలాడేలోపే తన మూర్ఛల మీద తనే జోకులెయ్యడం నేర్చుకున్నాడు.

"నేను పడంగనే మా ఇంటి తాళంచెవులు తెచ్చి చేతిల పెట్టిన్రు. లేచి చూస్తే చెవులు లేవు, ఇంట్ల కోడి లేదు" అనేవాడు. చర్చి ఘొల్లుమనేది.

ఆ వారం మాత్రం నవ్వులకు వీల్లేదు. చెల్లెలు మహిమను చూడడానికి కూసుమంచి నుంచి పెళ్లికొడుకు తండ్రి షాలేమ్‌రాజు వస్తున్నాడు. ముందు ప్రార్థనలో కూర్చుని, తర్వాత ఇంటికి వస్తాడు. డేవిడ్ తండ్రి లూకా సంఘ పెద్ద. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటూ చెప్పాడు.

"ఇయ్యాల జోకులొద్దు. ప్రభువు స్వస్థపరిచిండని చెప్పి కూసో."

"మొన్న గురువారం గూడ వచ్చింది గద నాయినా."

"గురువారం సంగతి వాళ్లకేం తెలుస్తది?"

మూర్ఛలో కరుచుకున్న డేవిడ్ నాలుక ఇంకా మండుతూనే ఉంది. లూకా బయటికి పోయాక మహిమ టీ చల్లార్చి తెచ్చింది.

"అబద్ధం చెప్పకు, అన్నా. దాచి పెండ్లి చేస్తే రేపు నువ్వు నా ఇంటికి రాలేవు."

"చెప్తే నీకు పెండ్లే కాదేమో."

"కాకపోతే కాకపాయె" అంది, అతని మొహం చూడకుండా.

చర్చిలో పాస్టర్ పిలిస్తే డేవిడ్ లేచి ముందుకొచ్చాడు. మొదటి వరుసలో లూకా, పక్కనే షాలేమ్‌రాజు. నోరు తెరవకముందే వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"నాకు మూర్ఛలు. ఇంకా తగ్గలె. మొన్న గురువారం గూడ పడ్డ."

చర్చి ఘొల్లుమంది. అతను ఏ హాస్యమూ కలపలేదు. అయినా నవ్వారు. ఇన్నేళ్లూ అలవాటు చేసింది తనే మరి. షాలేమ్‌రాజు నవ్వి నవ్వి చేతిరుమాలుతో కళ్లొత్తుకున్నాడు.

"మావోడు గిట్లనే, నవ్విస్తడు" అన్నాడు లూకా, నలుగురికీ వినబడేలా.

ఇక కూర్చుంటే సరిపోయేది. నిజం చెప్పినట్టూ అవుతుంది, సంబంధం నిలిచినట్టూ అవుతుంది. డేవిడ్ ఆడవాళ్ల వైపు చూశాడు. మహిమ ఒక్కతే నవ్వడం లేదు.

అతను నాలుక బయటికి చాపాడు.

పిల్లలు పడీపడీ నవ్వారు. డేవిడ్ నాలుక లోపలికి తీసుకోలేదు. నెత్తురు నల్లగా గడ్డకట్టిన పంటిగాట్లు కనబడగానే షాలేమ్‌రాజు రుమాలు కిందికి దించాడు. అతని వెనక వరుస ఊరుకుంది, ఆ వెనకదీ ఊరుకుంది. లూకా మాత్రం కొడుకు వైపు చూడకుండా, చేతిలోని బైబిల్‌ను మోకాళ్లకు అదుముకుని, ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.