తారు చెమర్చే మలుపు

నా నోరు మంచిది కాదని మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ రోజు ధర్మపురి బస్టాండు వెనక పాండియన్ టైర్ల కొట్లో అది కాస్త ముందుగానే తెరుచుకుంది. నేనూ నా కూతురు తమిళరసీ లోపలికి వెళ్లేసరికి, పాండియన్ మా ఇద్దరినీ దాటి వీధిలోకి చూశాడు, వెనక ఎవరైనా మగవాళ్లు వస్తున్నారేమోనని.

"ఎవురూ రారు. కారు దీనిది. టయర్లు చూసేది నేను" అన్నాను.

మా అరసి డ్రైవింగు స్కూల్లో ఆడవాళ్లకు కారు నేర్పుతుంది. మూడేళ్లు దాచుకున్న జీతంతో, ఎవరో వాడి వదిలేసిన నీలం రంగు హ్యాచ్‌బ్యాక్ ఒకటి కొనుక్కుంది. చూడటానికి చిన్నదే గాని స్పోర్ట్స్ మోడలట, కాలు ఆనిస్తే చాలు ఉరుకుతుంది. దాని టైర్లు అరిగి లోపలి తీగలు బయటపడ్డాయి. కొత్తవి వేయిస్తానంటే మా పెద్దవాడు మణివణ్ణన్ అడ్డం పడ్డాడు. కూలి చేసుకునే ఇంటికి ఉరికే కారెందుకు, టైర్లు వేసే బదులు అమ్మేయమన్నాడు. సేలంలో ఒక బేరగాణ్ణి కూడా చూసిపెట్టాడు.

అన్నాచెల్లెళ్లు రెండు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి అరసే దిగివచ్చింది. మొరప్పూర్ దగ్గర ఒక లేఅవుట్‌లో ఆదివారం కార్ల క్లబ్బువాళ్లు పోటీ పెడుతున్నారు. ఒక్కొక్క కారూ విడిగా చుట్టు తిరగాలి, తక్కువ సెకన్లలో వచ్చినవాళ్లది గెలుపు. మొదటి ముగ్గురికీ కోయంబత్తూరు ట్రాక్ మీద శిక్షణ ఇస్తారు. "ఆ ముగ్గురిలో రాకపోతే నా చేత్తోనే తాళం ఇచ్చేస్తాను అన్నా" అంది. వాడు సరేనన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు దాని మొహం చూశాను. అందుకే పని మానుకుని టైర్ల కొట్టుకు వెంట వెళ్లాను.

పాండియన్ మూడు టైర్లు దొర్లించుకొచ్చి గోడకు ఆనించాడు. "మన పక్క మంచు పడదు కదక్కా, ఉండేవన్నీ ఎండకాలం టయర్లే. ఐనా దాంట్లో రకాలుండాయి" అన్నాడు. మొదటిది బాగా వెడల్పు, రబ్బరు మెత్తన. "ఇది వేస్తే బండి నేలకి అతుక్కొని పోతాది." రెండోది గట్టి రబ్బరు, ఏళ్ల తరబడి అరగదట. మూడోది రెండింటికీ మధ్యరకం. కారుకు మొదటి నుంచీ ఉన్నంత వెడల్పే, అంచుల్లో పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలు. పక్కభాగం బొటనవేలితో నొక్కి చూశాను. కొంచెం కూడా దిగలేదు.

అరసి కళ్లు మొదటిదాని మీదే ఉన్నాయి. కుర్రకారు అంతా దాన్నే వేయించుకుంటున్నారని పాండియన్ ఊదరగొట్టాడు.

"ఆ లేఅవుట్ రోడ్డు ఎవురు వేసినారో తెలుసునా నీకు?" అని అడిగాను.

"ఎవురక్కా?"

"మేమే."

ఇరవై రెండేళ్లుగా తారు పని చేస్తున్నాను. పోయినేడాది ఆ లేఅవుట్‌కు రోడ్లు వేసింది మా గుంపే. ఇళ్లు ఇంకా లేవలేదు గాని, రోడ్లు మాత్రం నున్నగా పడి ఉన్నాయి. ఆ రోడ్డు మీద నేను వంగి ఊడ్చని జానెడు చోటు లేదు. రెండో మలుపులో తారు ఎక్కువ పడింది. చిత్తిరై నెల ఎండకు మధ్యాహ్నం అక్కడ తారు చెమరుస్తుంది. చివరి మలుపులో సన్న కంకర సరిగా అణగలేదు, పొడిపొడిగా లేస్తుంది.

"కాగే తారు మీద ఈ మెత్తది ఇంకా మెత్తబడి పట్టు వదులుతాది. ఇంత వెడల్పుది ఆ కంకరపొడి మీద తేలిపోతాది. గట్టిది వేస్తే అసలు పట్టదు. పొడిని తోసేసి నేలని పట్టుకునే అంచు కావల్ల. మూడోది ఎత్తు" అన్నాను.

పాండియన్ బుర్ర గోక్కున్నాడు. "మెత్తది వేడెక్కితే జారేది నిజమే" అన్నాడు మెల్లగా. అరసి నా వైపు కొత్తగా చూసింది. నాలుగు టైర్ల మీదా తయారైన వారం, సంవత్సరం అంకెలు చూసి, నాలుగూ ఈ ఏడాదివేనని తేల్చుకున్నాకే బిగించనిచ్చాను. కొట్టు దిగి వస్తుంటే నా నడకే మారిపోయింది.

ఆదివారం ఎండ మాడ్చేస్తోంది. ఇరవై రెండు కార్లు వచ్చాయి. ఒక్కొక్కరికి రెండు చుట్లు, రెండింటిలో మంచిదే లెక్క. మణివణ్ణన్ ఆ సేలం బేరగాణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆయన అప్పుడే కారు చుట్టూ తిరిగి తలుపు కొట్టి చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. పాండియన్ కూడా తన టైర్లు ఎలా పోతాయో చూడాలని వచ్చాడు.

అరసి పేరు పిలవబోయే ముందు అది నీళ్లు తాగడానికి వెళ్లింది. అప్పుడు నేనొక పని చేశాను. రెండో మలుపు తారు కొత్త టైర్లకు అంటుకుంటే ఎలా అని మనసు పీకింది. మా పనిలో ఇనుప రోలర్ తర్వాత రబ్బరు చక్రాల రోలర్ వస్తుంది. తారు అంటకుండా దాని చక్రాలకు డీజిల్ గుడ్డ పెట్టేది నేనే. సంచిలో డీజిల్ సీసా ఎప్పుడూ ఉంటుంది. గుడ్డ తడిపి నాలుగు టైర్లూ నిగనిగలాడేలా తుడిచాను. నా అంత తెలివైనది ధర్మపురి జిల్లాలోనే లేదనుకున్నాను.

మొదటి మలుపులోనే కారు పక్కకు జరిగింది. రెండో మలుపులో గిర్రున తిరిగి, హద్దుగా పెట్టిన ప్లాస్టిక్ కోన్లు మూడింటిని తన్నేసి అవతలి మట్టిలో ఆగింది. మైకులో ఎవరో నవ్వారు. బేరగాడు మణివణ్ణన్ భుజం తట్టాడు.

అరసి కారు దిగి నా దగ్గరికి వచ్చింది. "టయర్లు పట్టలేదమ్మా. ఒక్క చోట కూడా పట్టలేదు."

నేను ఊరుకున్నానా? ముందు పాండియన్ మీద పడ్డాను, చెత్త సరుకు అంటగట్టావని. "ఎంచుకున్నది నువ్వే కదక్కా" అన్నాడు వాడు. ఆ కోపం కూతురి మీదికి తిప్పాను. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది నీ మాట. వంకర నీ చేతిలో పెట్టుకొని టయర్లని అంటావా?" అన్నాను. దాని కళ్లు నిండాయి.

నా మాట రుజువు చేద్దామని వంగి ముందు టైరు మీద అరచేయి వేసి రుద్దాను. చేయి సర్రున జారింది. వాసన చూసుకున్నాను. డీజిల్. రోలర్‌కు కావలసింది అంటకపోవడం, కారుకు కావలసింది అంటుకోవడం. ఇరవై రెండేళ్ల అలవాటు నా బుర్రను మింగేసింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన కూడా వచ్చింది, అబద్ధమాడను. కానీ అది బొటబొటా కన్నీళ్లు కారుస్తుంటే ఎలా ఊరుకోను?

"నేనే తుడిచినాను పాపా. తారు అంటకూడదని డీజిల్ పెట్టినాను. తప్పు నీది కాదు, ఈయప్పది కాదు. నాది" అన్నాను.

అరసి నన్ను చూసింది. టైరును చూసింది. "నా కారుని రోలర్ అనుకుంటివా అమ్మా?" అని, ఏడుపు మధ్యలోనే నవ్వేసింది.

రెండో చుట్టుకు ఇంకా అరగంట ఉంది. నేను సబ్బుపొడి కోసం పరుగెత్తేసరికి నీళ్ల ట్యాంకరు దగ్గర మణివణ్ణన్ అప్పటికే బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీకెందుకురా, కారు అమ్ముకుందామంటివి కదా" అన్నాను. నా నోటికి సమయం సందర్భం ఉండవు.

"నూనె టయర్లతో అది ఓడిపోతే నేను గెలిచినట్టు కాదమ్మా. జరుగు" అన్నాడు.

నలుగురం నాలుగు చక్రాల దగ్గర కూర్చున్నాం. సబ్బునీళ్లు, కొబ్బరి పీచు, పొడి ఇసుక. ఒకసారి కాదు, మూడుసార్లు తోమాం. నా గోళ్లు అరిగాయి. పాండియన్ ప్రతి టైరు మీదా అరచేయి రుద్ది, వాసన చూసి, చివరికి తల ఊపాడు. "పక్క దారిలో నాలుగైదు సార్లు పోయి గట్టిగా బ్రేకు వెయ్యి పాపా. రబ్బరు వేడెక్కితే మిగిలిన డీజిల్ కూడా పోతాది" అన్నాడు. అది అలాగే చేసింది.

రెండో చుట్టు. ఎండ నడినెత్తిన ఉంది, రెండో మలుపు నల్లగా మెరుస్తోంది. కారు ఆ మెరుపు లోపలికి దూసుకుపోయింది. నేను కళ్లు మూసుకున్నాను గాని చెవులు మూసుకోలేదు. జారిన చప్పుడు రాలేదు. తెరిచి చూస్తే అప్పటికే మలుపు దాటేసింది. చివరి మలుపులో కంకర రెండు పక్కలా చిమ్మింది, వెనక భాగం కొంచెం ఊగి నిలదొక్కుకుంది. గీత దాటింది. యాభై ఏడు సెకన్లు.

మిగిలిన కార్లన్నీ తిరిగేదాకా నేను కూర్చోలేదు. వెడల్పాటి మెత్తటి టైర్లు వేసుకొచ్చిన కుర్రాళ్లు ఒక్కొక్కరే రెండో మలుపులో తంటాలు పడుతుంటే, పాపం అనిపించలేదు నాకు, ఉన్న మాట చెబుతున్నాను. చివరికి మైకులో చదివారు. మా అరసికి రెండో స్థానం. మొదటి స్థానం బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్ద ఇంజను కారుకు.

నేను కేకేశాను. ఏం కేకేశానో నాకే తెలియదు. అరసిని పట్టుకుని, డీజిలూ సబ్బూ అంటిన చేతులతోనే మొహమంతా నిమిరాను. నా కడుపు నిండిపోయింది.

బేరగాడు మణివణ్ణన్ దగ్గరికి వచ్చాడు. "ఇప్పుడైతే ఇంకా మంచి రేటు ఇస్తా తంబీ. గెలిచిన బండి కదా" అన్నాడు.

మణివణ్ణన్ చెల్లెలి వైపు చూశాడు. "బండి నాది కాదన్నా. దాన్ని అడుగు" అన్నాడు.

అరసి అన్నను చూస్తూ తల అడ్డంగా ఊపింది. వాడు నవ్వాడు, వెనక తలుపు తీసుకుని తనే లోపలికి ఎక్కి కూర్చున్నాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. పెద్ద రోడ్డు ఎక్కాక అరసి నాకు భయమవుతుందేమోనని మెల్లగా నడపసాగింది. ఒక టౌన్ బస్సు కూడా మమ్మల్ని దాటిపోయింది. ఎంతసేపని ఓర్చుకోను?

"ఏమే, ఈ టయర్లు నేను ఎంచింది బస్సు వెనక పోయేదానికా?" అన్నాను. "తొక్కు."