ముప్పై రెండు పిలుపులు, ఒక అలక

నాకు కోపం ఊరికే రాదు. ముప్పై రెండు నల్ల డబ్బాలకు జాకెట్టు కటింగు చెప్పి చూడండి, మీకూ వస్తుంది.

కొత్తపేటలో మా ఇంట్లోంచే ఆన్‌లైన్ క్లాసు. రాజోలు నుంచి మస్కట్ దాకా ముప్పై రెండు మంది ఆడవాళ్ళు. ఒక్కరూ కెమెరా పెట్టరు, మైకు తీయరు. "ఎవరైనా చెప్పండి!" అని గొంతు చించుకున్నా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఈ క్లాసులు నడిపే అమలాపురం శ్యామ్ బాబు గారు ఫోన్ చేసి, "ఆదివారం నేనూ చూస్తానండి. పదిమందైనా నోరు విప్పకపోతే క్లాసు ఎత్తేద్దామండీ" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. పదేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. మెసేజుల్లోనైనా సరే, నన్ను 'మేడం' అన్నది వీళ్ళే.

మా అత్తగారు బంగారమ్మ పక్కగదిలోంచి అంతా విన్నారు. "ఎవరైనా అంటే ఎవరు పలుకుతారమ్మాయ్? పెళ్ళికి మైకులో చెప్తే వెళ్తామా? పేరుపేరునా పిలవాలి" అన్నారు.

శనివారం అందరికీ ఫోన్లు చేశాను. "రేపు పదింటికి మన క్లాసండీ, తప్పకుండా రావాలి" అన్నదాకా బాగానే ఉంది. అలవాటైన నోరు కదా, "కుటుంబ సమేతంగా" అని కూడా అనేసింది.

వచ్చేశారు! కెమెరాలన్నీ వెలిగాయి. పట్టుచీరలు, పూలు. రాజోలు వెంకటదుర్గ మామగారైతే కండువా వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. "మీదే ఊరండీ? ఇంటిపేరేటండీ?" అని ఒకటే పలకరింపులు. అందులో ఇద్దరు వేలువిడిచిన వదినామరదళ్ళని తేలింది. మస్కట్ కావ్య తన జాకెట్టు ఎత్తి చూపించి, "మేడం, చేతులు రెండూ కుడివైపువే వచ్చేయండీ!" అంది. అందరూ గొల్లున నవ్వి, తలో సలహా పడేశారు. ఇరవై ఏడు మంది మాట్లాడారు, నేను లెక్కపెట్టాను.

ఉత్సాహంగా శ్యామ్ బాబు గారికి ఫోన్ చేశాను. "చూసేరా అండీ?"

"ఆయ్, చూసేను. అందర్నీ పిలిచేరు. నన్ను పిలవలేదు. లింకు నేనే వెతుక్కుని వచ్చేను. వచ్చేక రండి, కూర్చోండి అన్న పాపాన పోలేదు."

"మరి క్లాసండీ?"

"అది తర్వాత మాట్లాడదామండి" అని పెట్టేశారు.

నా తల తీసుకెళ్ళి మిషను కింద పెట్టుకోవాలనిపించింది. అత్తగారు కుంకుమ భరిణె నా చేతిలో పెట్టారు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి అమలాపురం వెళ్ళి, ఆయన భార్య సూర్యావతి గారికి బొట్టుపెట్టి, ఇద్దర్నీ పేరుపేరునా క్లాసుకు పిలిచి వచ్చాను.

తర్వాతి ఆదివారం అందరికన్నా ముందు వెలిగిన కెమెరా ఆయనదే. పట్టుపంచె, పక్కన సూర్యావతి గారు. క్లాసు అయ్యాక భయంభయంగా అడిగాను, "మరి ఎత్తేయడం సంగతేటండీ?" అని.

"భలేవారే! బొట్టుపెట్టి పిలిచినవాళ్ళ పందిరి ఎవరైనా పీకుతారాండీ?" అన్నారు.