భయం లేని పిల్ల

"రాగి చెంబు అడుగున ఇంకా నల్లగానే ఉంది చూడు," అన్నాడు భీమేశ్వరరావు, తువ్వాలుతో తల తుడుచుకుంటూ.

అన్నపూర్ణేశ్వరి చూసింది. చెంబుని మళ్ళీ చింతపండు గుజ్జుతో రుద్దింది. జనవరి నెల. ఢిల్లీ చలికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. జనక్‌పురిలో ఆ పై అంతస్తు ఫ్లాటుకి నీళ్ళు పొద్దున్న ఐదింటికి వచ్చి ఆరున్నరకి పోతాయి. ఆ గంటన్నరలోనే డ్రమ్ము నింపాలి, స్నానం చేసి మడిచీర కట్టుకోవాలి, దేవుడి సామాను తోమాలి, పటాలు తుడవాలి, గంధం తీయాలి, ప్రసాదం వండాలి, పీట వాల్చాలి. ఆ తర్వాత "ఏవండీ, అంతా అయింది, రండి" అని పిలవాలి. ఆయన వచ్చి కూర్చుని, కాసేపు మంత్రాలు చదివి, హారతిచ్చి లేస్తాడు. ఆఫీసులో భక్తి మాట వస్తే, "నేను పూజ చెయ్యకుండా మంచినీళ్ళు కూడా ముట్టనండీ" అంటాడు. నిజమే, ముట్టడు. పూజ ఆయనదే. పని ఆమెది.

ఇరవై రెండేళ్ళుగా ఆమెకి దాని గురించి ఫిర్యాదు లేదు. ఉన్నవన్నీ భయాలే. కూతురి బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే బాల్కనీలో నిలబడి, రోడ్డు మీద పడి ఉన్న చెప్పుల్నీ, చుట్టూ మూగిన జనాన్నీ కళ్ళకి కట్టినట్టు చూసేస్తుంది. ఆయన స్కూటరు చప్పుడు వినపడేదాకా తన తాళి మాటిమాటికీ కళ్ళకద్దుకుంటుంది. ఏడో తరగతితో ఆగిన చదువు. పేపర్లో పెద్దక్షరాల వార్తలు చదువుతుంది, అవన్నీ తన ఇంటికే వస్తున్నాయని వణుకుతుంది. వణికినప్పుడల్లా వంటింట్లో నుంచే దేవుడితో మాట్లాడుతుంది. "స్వామీ, ఇవాళ్టికి గట్టెక్కించు," అంటుంది. "పప్పు మాడబెట్టాను, ఆయనకి కోపం రానివ్వకు," అంటుంది. ఆ ఇంట్లో ఆమె మాట మధ్యలో తుంచకుండా చివరిదాకా వినేవాడు ఆ దేవుడొక్కడే.

ఇవాళ మాత్రం ఏమని అడగాలో కూడా తెలియలేదు.

నిన్న సాయంత్రం కనకయ్య వచ్చి వెళ్ళాడు. భర్త ఆఫీసులోనే పని, రెండు బ్లాకుల అవతల ఇల్లు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు. "గురువారం మధ్యాహ్నం మన లలితని చూశానండీ. ఆస్పత్రి గేటు దగ్గర ఎవరో కుర్రాడితో ఆటో దిగుతోంది. నేను బస్సులో ఉన్నాను. వేరే పిల్లయితే ఏదో పనుందిలే అనుకుందును. దేవుడు లేడనే పిల్లాయె, మనసు ఊరుకోలేదు."

గురువారం లలిత కాలేజీకని చెప్పి వెళ్ళింది.

లలితకుమారి వాళ్ళకి ఒక్కతే కూతురు. బీఎస్సీ రెండో ఏడు. మొన్న శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నాడు తల్లి తోరం కట్టబోతే చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. "అమ్మా, నీ పక్కన కూర్చుంటాను, పువ్వులందిస్తాను, పిండి రుబ్బుతాను, ఏం చెయ్యమన్నా చేస్తాను. నమ్మకం ఉందని మాత్రం నాతో అనిపించకు. లేదు," అంది. అరవలేదు, ఎగతాళి చెయ్యలేదు. కాలేజీకెళ్ళే బస్సు నంబరు చెప్పినంత మామూలుగా చెప్పింది. అన్నపూర్ణకి ముచ్చెమటలు పోశాయి అందుకే.

ఆ రోజు నుంచి ఇంట్లో ఏది జరిగినా ఆ మాటకే చుట్టుకుంది. లలిత నవ్వితే, "పాపభయం లేనివాళ్ళకి నవ్వు రాకేం" అన్నాడు తండ్రి. నవ్వకపోతే, "మనసు బండబారిపోయింది" అన్నాడు. "దేవుడు లేడన్న మగాడు తాగుతాడు, పేకాడతాడు, అంతటితో సరి. దేవుడు లేడన్న ఆడదానికి ఇంక అడ్డేముంటుందే?" అని పడుకోబోయే ముందు భార్యని అడిగేవాడు, జవాబు ఆమె దగ్గర ఉన్నట్టు.

దేవుడు లేడన్నవాళ్ళకి ఏ అడ్డూ ఉండదన్న నమ్మకం ఆమెకీ ఉంది. చిన్నప్పుడు వాళ్ళూళ్ళో హనుమయ్య మాస్టారని ఒకాయన ఉండేవాడు. గుడికి రాడు. ఆయన ఎదురొస్తే పిల్లలు రోడ్డుకి అవతలి వైపుకి పరిగెత్తేవాళ్ళు. ఆయన ఏం చేశాడో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు, ఏదైనా చెయ్యగలడని మాత్రం చెప్పేవాళ్ళు. ఒక ఏడు కలరా వచ్చి వీధికొకరు పోయారు. అందరిళ్ళల్లోనూ అది దేవుడు పెట్టిన పరీక్ష. మాస్టారి భార్య పోయినప్పుడు మాత్రం అది శిక్ష. ఎనిమిదేళ్ళ అన్నపూర్ణ కూడా "తగిన శాస్తి" అంది, అందరూ అంటుంటే. మాస్టారు అరుగు మీద కూర్చుని భార్య చీర మడతపెడుతూ ఏడవడం కిటికీలోంచి చూసి కూడా అంది.

ఎందుకన్నదో ఇప్పుడు చెంబు తోముతూ ఆలోచిస్తే ఒక్కటే తోచింది. ఆమెకి మంచి అంతా భయంతోనే నేర్పారు. అన్నం పారేస్తే కళ్ళు పోతాయి. పెద్దలకి ఎదురు చెబితే నోరు పడిపోతుంది. అత్తగారి పక్కబట్టలు ఆరేళ్ళు ఉతికింది, ఉతక్కపోతే కూతురికేమవుతుందోనని. భయం తీసేస్తే తనలో ఇంకేం మిగులుతుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. అందుకే భయం లేని మనిషి అనగానే ఆమెకి లోపల ఏమీ లేని మనిషే కనిపించేది.

పూజ అయింది. హారతిచ్చాక ఆయన పళ్ళెం కింద పెట్టలేదు.

"లలితా, ఇలా రా."

తడి జుట్టు విదుల్చుకుంటూ వచ్చింది పిల్ల.

"గురువారం ఎక్కడికెళ్ళావు?"

"ఆస్పత్రికి, నాన్నగారూ."

పిల్ల అబద్ధం చెబుతుందనుకుంది అన్నపూర్ణ. అబద్ధమైతే సర్దేసుకోవచ్చు.

"ఎవరితో?"

"నా క్లాస్‌మేట్‌కి బాగాలేకపోతే తీసుకెళ్ళాం. ఆటోలో ఆ అబ్బాయి దాని అన్నయ్య. నిన్న కనకయ్య అంకుల్ మీతో అనడం విన్నాను. అది వెనక దిగింది, ఆయనకి కనపడి ఉండదు. అదెవరో, ఏం జబ్బో మాత్రం అడక్కండి. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"మాట!" నవ్వాడాయన. "ఎవరి మీద ఒట్టేసి ఇచ్చావమ్మా ఆ మాట? నీకు దేవుడా, దెయ్యమా?"

"ఎవరి మీదా వెయ్యలేదు. ఊరికే ఇచ్చాను."

ఆయన కొత్త కర్పూరం బిళ్ళ వెలిగించి పళ్ళెం ముందుకి చాపాడు. వాళ్ళ వైపు పెద్ద తగువులన్నీ అలాగే తేలేవి. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పిన మాటకి ఇక తిరుగులేదు. ఆ మాట అబద్ధమైతే కడుపున పుట్టినవాళ్ళు నిలవరంటారు.

"నువ్వు చెప్పింది నిజమని కర్పూరం ఆర్పి చెప్పు. నమ్ముతాను. కాలేజీకి వెళ్దువుగాని. లేదంటే వచ్చే వారం జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి తణుకు పంపించేస్తాను, మీ బాబాయి దగ్గరికి. చదివింది చాలు."

లలిత కర్పూరం వైపు చూసింది. "ఇది నాకు ఉత్త కర్పూరం నాన్నగారూ. అబద్ధం చెప్పి కూడా ఆర్పగలను, నాకేం కాదు. మీరు నమ్మేస్తారు కూడా. అలా మిమ్మల్ని మోసం చెయ్యడం నాకిష్టం లేదు. అందుకే ఆర్పను. జరిగింది చెప్పాను. బస్, అంతే."

"చూశావా? చూశావా?" ఆయన భార్య వైపు తిరిగాడు. "తప్పు చెయ్యనిదైతే ఆర్పడానికేం? ఒప్పుకున్నట్టే కదా! నేను మొదటి నుంచీ ఏం చెబుతున్నాను?"

అన్నపూర్ణకి ఆ క్షణాన రెండు భయాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒకటి కర్పూరం. రెండోది రైలు కిటికీలోంచి తనని చూస్తూ వెళ్ళిపోయే కూతురి మొహం. తణుకులో మరిది ఇల్లు ఆమెకి తెలుసు. పొయ్యి దగ్గర మొదలై పొయ్యి దగ్గర ముగిసే రోజులు తెలుసు. ఆ ఇంటి నుంచే ఆమె ఢిల్లీ వచ్చింది.

"అది నాకు చెప్పే వెళ్ళిందండీ," అంది. "నేనే పంపాను. ఆ పిల్ల సంగతంతా నాకు తెలుసు. మీకు చెప్పడానికి భయపడ్డాను."

ఆమెకేమీ తెలియదు. గురువారం గురించి నిన్న సాయంత్రందాకా ఆమె ఒక్క ముక్క వినలేదు.

"ప్రమాణం చేస్తావా?"

"పిల్ల మీద ఒట్టు," అని, అరచెయ్యి కర్పూరం మీద పెట్టి నొక్కింది.

"అమ్మా!" అని అరిచింది లలిత.

పొగ ఒక్క పోగులా లేచి పోయింది. ఆయన మొహం వెంటనే తేటపడింది. "ముందే చెప్పి ఏడవచ్చుగా. పొద్దున్నే ఇంత రభస," అని పీట మీంచి లేచాడు. రెండుసార్లు ఉప్మా పెట్టించుకున్నాడు. కాఫీలో పంచదార తక్కువైందన్నాడు.

వంటింట్లో లలిత తల్లి చెయ్యి పట్టుకుని చెంబుతో నీళ్ళు పోసింది. మంచులాంటి నీళ్ళు. అరచేతి మధ్య రూపాయంత మేర ఎర్రగా కమిలింది. పిల్ల దాన్ని చూడకుండా తల్లి మొహమే చూస్తోంది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి.

"కాస్త కాలిందంతే. ఏడుస్తావెందుకే?"

"కాలినందుకు కాదమ్మా. నేను ఆర్పితే నాకేం పోయేది కాదు. నువ్వు నమ్ముతావుగా. నా ప్రాణం మీదకి వస్తుందని నిజంగా నమ్ముతావు. నమ్మి కూడా చేశావు. ఇంక ప్రతి రోజూ నా కోసం హడలి చస్తావు కదా. నా పంతం కోసం నీ చేత ఇది చేయించానా నేను?"

అన్నపూర్ణ పోగొట్టుకున్నదేమిటో ఆ ఇంట్లో అర్థమైంది ఒక్కరికే, ఆ ఒక్కరూ దేవుడు లేడన్న పిల్ల. రోజూ గంట మోగించే మనిషికి ఉప్మా అర్థమైంది.

"నీకొక్కదానికీ చెప్పెయ్యనా, గురువారం ఏం జరిగిందో?" అంది లలిత, ముక్కు తుడుచుకుంటూ. "నీకు కాస్త నిమ్మళంగా ఉంటుంది."

నోటి దాకా వచ్చింది, చెప్పవే అని. తెలుసుకుంటే ఆ ప్రమాణంలో సగమైనా నిజమయ్యేది. ఆమె కొంగుతో చెయ్యి ఒత్తుకుంది.

"వద్దు. మాటిచ్చానన్నావుగా."

ఆ తర్వాత వారం రోజులూ ఆమె కాచుకుని కూర్చుంది. బల్లి పడినా, కుడి కన్ను అదిరినా, మెట్ల మీద అడుగుల చప్పుడైనా, ఇదిగో వచ్చింది అనుకుంది. లలిత దగ్గితే వెళ్ళి నుదురు పట్టుకు చూసింది. లలిత విసుక్కోలేదు. బస్సు దిగగానే ఇంటి మలుపు దాకా రాకుండానే చెయ్యెత్తి బాల్కనీకి కనపడేలా ఊపేది, వచ్చేశానని. ఏమీ జరగలేదు. జరగనందుకు ఆమెకి తేలిక పడలేదు. వంటింట్లో నిలబడి "స్వామీ" అనబోతే మాట పెగిలేది కాదు. ఆ దేవుడి మొహం ఎలా చూడను, ఏమని అడగను? దీపం పెట్టేది, తల వంచుకుని వచ్చేసేది. ఇన్నేళ్ళ స్నేహం. ఇంట్లో మిగిలిన మనుషులతో ఎప్పుడూ లేని మాటలు ఇప్పుడు దేవుడితో కూడా లేకుండా పోయాయి. అన్నం కలుపుకుంటూ ఊరికే ఏడుపొచ్చేది. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి పేరైనా లేని దుఃఖం.

మళ్ళీ ఆదివారం సాయంత్రం టీవీలో హిందీ సినిమా చూడ్డానికి కనకయ్య వచ్చాడు. లలిత లోపలి గదిలో చదువుకుంటోంది. అన్నపూర్ణ కాఫీ గ్లాసులు తెచ్చేసరికి భర్త మాట వినపడింది.

"మా ఆవిడ చెయ్యి పెట్టి ఆర్పింది కాబట్టి నమ్మాను కనకయ్యగారూ, లేకపోతే ఆ పిల్ల మాట ఎవడు నమ్ముతాడు? మా అన్నపూర్ణకి దేవుడంటే హడలు. ఆ భయంతో గీత దాటదు. నేను ఢిల్లీలో ఎక్కడ తిరిగినా ఇల్లు నిశ్చింతగా వదిలి వెళ్తానంటే అదే కారణం."

"అదృష్టవంతులండీ," అన్నాడు కనకయ్య.

అన్నపూర్ణ గుమ్మంలోనే ఆగింది. ఇరవై రెండేళ్ళలో ఆయన తనని మెచ్చుకోవడం వినడం అదే మొదటిసారి. మంచిది అనలేదు. ఓపిక గలది అనలేదు. నిజం చెబుతుంది అని కూడా అనలేదు. భయపడుతుంది అన్నాడు. పెరట్లో గొడ్డు గురించి, పలుపు గట్టిదండీ అని చెప్పుకున్నట్టు. పిల్లలో ఆయనకి అంత కంటగింపుగా ఉన్నది దేవుడు లేకపోవడం కాదు, ఆ పలుపు లేకపోవడం. ఇన్నాళ్ళూ ఆ పిల్లని చూసి వీళ్ళూ, ఒకప్పుడు మాస్టారిని చూసి ఊరంతా దేనికి భయపడ్డారో ఆమెకి అర్థమైంది. ఆ భయంలో తనూ ఒకతి.

గ్లాసులు బల్ల మీద పెట్టింది. ఆయన సంతోషంగా తలెత్తాడు.

"ఇదిగో, నీ మాటే అనుకుంటున్నాం. నీకున్న దైవభయంలో కాస్త ఆ పిల్లకి కూడా నేర్పవే. రోజూ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు."

"అవునమ్మా, ఇవి తల్లి నేర్పాల్సినవి," అన్నాడు కనకయ్య, గ్లాసు అందుకుంటూ.

లోపలి గదిలో లలిత ఏదో సూత్రం పైకి చదువుకుంటోంది. తప్పు పోతే ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతోంది. ఆ గొంతులో ఎక్కడా వణుకు లేదు.

అన్నపూర్ణ కొంగు నడుముకి దోపుకుంది.

"నేర్పనండీ," అంది. "ఆ భయం నాతోనే పోనివ్వండి."